చిన్న వర్తకులును ఆదాయపు పన్నును : మొదటి రిటర్ను వ్రాయు విధము

మన గద్వాల ప్రాంతమున ఫోను మూలమున చీరెలను, తక్కిన సరకులను అమ్ముకొను కుటుంబములు నానాటికి హెచ్చుచున్నవి. తండ్రి మగ్గముపై కూర్చుండును. తల్లి కండెలు చుట్టును. నేసిన చీరెకు ఫొటో తీసి, ధర వ్రాసి, కొనువారి ప్రశ్నలకు బదులిచ్చు పని మాత్రము చదువుకొనిన పిల్లలపై పడుచున్నది. కావున లెక్క వ్రాయు భారమును వారిదే యగుచున్నది. సంవత్సరాంతమున పన్ను కార్యాలయము పేరిట ఒక సందేశము ఫోనునకు రాగానే ఇంటిల్లిపాదియు కలవరపడుదురు. ఏమి చేయవలయునో ఎఱుగక కొందఱు ఊరకుందురు. కొందఱు ఎవనినో ఆశ్రయించి, వాడు చెప్పిన చోటనెల్ల సమ్మతి తెలుపుదురు. ఈ రెండును మంచివి కావు. ఈ పని ఎనిమిదవ తరగతి గణితము వచ్చినవారికి అసాధ్యమైనది కాదని చూపుటకే ఈ పాఠము వ్రాయబడినది.

గద్వాల చీరె సంగతి చదువరులకు క్రొత్త కాదు. ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. పేక దారములను ఒకదానితో నొకటి పెనవేసి అంచును ఒడలితో కలుపు కుప్పడము పని యిచ్చటి నేతగాండ్ర ప్రత్యేకత. గద్వాలలోనే కాక రాజోలి, అయిజ మొదలగు చోట్లను, వనపర్తి జిల్లాలోని అమరచింత, కొత్తకోటలయందును మగ్గములు కలవు. మునుపు పెక్కుమంది నేతగాండ్రు ఆసామివద్ద నూలు, పట్టు, జరీ తెచ్చుకొని, చీరె నేసి యిచ్చి, కూలి పుచ్చుకొనుచుండిరి. నేటికిని అట్లే చేయువారు కలరు. వారికి చీరె హైదరాబాదులో ఎంతకు అమ్ముడుపోయినదో తెలియదు, తెలిసికొనవలసిన పనియు లేదు. ఎప్పుడు తన చీరెను తానే కొనువానికి పంపెనో అప్పుడు నేతగాడు వర్తకు డాయెను. వర్తకునకు లెక్క పుస్తకము కావలయును. మార్పంతయు ఇందే కలదు.

పన్నుల చరిత్రను గూర్చి ఒకమాట. నేతగాండ్రకు పన్ను క్రొత్తది కాదు. చెన్నపురి రాజధానిలో 19వ శతాబ్ది మధ్యభాగము వరకు మోతుర్ఫా అను పన్ను ఉండెడిది. అది మగ్గముపైనను, చేతిపనులపైనను, అంగళ్లపైనను వేయబడుచుండెను. ఆ యేడు బట్ట అమ్ముడుపోయినను పోకున్నను మగ్గము ఉన్నందున పన్ను చెల్లింపవలసినదే. ఆదాయపు పన్ను అట్టిది కాదు. ఇది 1860లో జేమ్సు విల్సను అను ఆర్థిక సచివుని చేత బ్రిటిషు ఇండియాలో మొదట ప్రవేశపెట్టబడెను. అప్పుడును సంవత్సరమునకు 200 రూపాయలకు లోబడిన ఆదాయము గలవారిని విడిచిపెట్టిరి. గద్వాల సంస్థానము నిజాము రాజ్యములోనిది గనుక ఆ చట్టము ఇచ్చట చెల్లలేదు. హైదరాబాదు ప్రభుత్వము ఫసలీ 1357లో, అనగా ఇంచుమించు 1947-48లో, తన సొంత ఆదాయపు పన్ను చట్టమును చేసెను. 1950 ఏప్రిల్ 1 మొదలు భారతదేశపు చట్టమే యిచ్చటికిని వర్తించినది. 1922 నాటి చట్టము పోయి 1961 నాటిది వచ్చెను. దాని స్థానమున 2025లో చేయబడిన చట్టము 2026 ఏప్రిల్ 1 మొదలు అమలునకు వచ్చినది. చట్టము పేరు మాఱినను మూలసూత్రము మాఱలేదు. మగ్గమునకు పన్ను లేదు, అమ్మకమునకును ఈ పన్ను లేదు. మిగిలిన లాభమునకే పన్ను, అదియు ఒక హద్దు దాటినప్పుడే.

ఇక లెక్కలోనికి వత్తము. మన పెద్దలు ఉగాదికో దీపావళికో లెక్కలు కట్టుదురు. సర్కారు లెక్క ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగియును. 2025 ఏప్రిల్ మొదలు 2026 మార్చి వరకు గల యాదాయమును 1961 నాటి చట్టము ననుసరించియే లెక్కింపవలయును. ఆ చట్టమున సంపాదించిన యేడు ఒకటి, దానిని నిర్ణయించు యేడు మఱియొకటి. కావున 2025-26 లోని సంపాదనకు 2026-27 నిర్ధారణ సంవత్సర మనబడును. మొదటిసారి వ్రాయువారు పెక్కుమంది తికమకపడు తావు ఇదియే. తప్పు సంవత్సరమును ఎంచుకొనినచో తక్కిన పనియంతయు వ్యర్థమగును. క్రొత్త చట్టము ఈ రెండు పేళ్లను తీసివేసి పన్ను సంవత్సరము అను నొక్క పేరే ఉంచినది. ఇది మెచ్చదగిన సంస్కారము.

ఒక ఉదాహరణమును తీసికొందము. గద్వాలలో నొక యువతి తన యింట నేసిన చీరెలను ఒక పెద్ద ఆన్‌లైను అంగడి ద్వారా మన రాష్ట్రములోని వారికే అమ్మినదనుకొందము. ఒక్కొక్కటి 5,000 రూపాయల చొప్పున సంవత్సరములో 128 చీరెలు పంపినది. వానిలో 8 తిరిగి వచ్చినవి. నిలిచిన అమ్మకము 120 చీరెలు, అనగా 6,00,000 రూపాయలు. అంగడివారు తమ కమీషను, రవాణా, ప్రకటన ఖర్చుల క్రింద 90,000 రూపాయలు పట్టుకొనిరి. పన్ను క్రింద 600 రూపాయలు పట్టుకొనిరి. ఆమె బ్యాంకులో పడినది 5,09,400 రూపాయలు.

ఇప్పుడు ఆమె అమ్మకము ఎంత? బ్యాంకు పుస్తకము చూచి 5,09,400 అని వ్రాయువారే ఎక్కువ. అది సరికాదు. కొనువారు చెల్లించినది 6,00,000, అదియే అమ్మకము. అంగడివారు పట్టుకొనిన 90,000 ఆమె ఖర్చు. అంగడివారు ప్రభుత్వమునకు పంపు లెక్కలో మొత్తము అమ్మకమునే చూపుదురు. ఆమె రిటర్నులో వేఱొక అంకె కనబడినచో రెంటికిని పొత్తు కుదరక ప్రశ్న వచ్చును. పన్ను శాఖవారి సందేశములలో పెక్కింటికి మూలము ఇట్టి పొరపాటే గాని దొంగతనము కాదు. కావున రిటర్ను వ్రాయుటకు ముందు ఆదాయపు పన్ను శాఖవారి స్థలములో తన పాన్ సంఖ్యతో ప్రవేశించి, 26ఏఎస్ అను పత్రమును, వార్షిక సమాచార పత్రమును తెఱచి చూచుకొనవలయును. తనను గూర్చి ఇతరులు సర్కారునకు ఏమి చెప్పిరో అందు కనబడును. అందు తప్పు అంకె ఉన్నయెడల అది తప్పని అచ్చటనే తెలుపుటకు వీలు కలదు.

ఆ 600 రూపాయలను గూర్చి కొంచెము వివరింపవలయును. 2020 అక్టోబరు 1 మొదలు ఆన్‌లైను అంగడివారు తమ ద్వారా అమ్మువారి మొత్తము అమ్మకముపై కొంత పన్ను పట్టుకొని ప్రభుత్వమునకు కట్టవలయునని నియమమేర్పడెను. మొదట అది నూటికి 1 రూపాయి. 2024 అక్టోబరు 1 మొదలు వేయింటికి 1 రూపాయిగా తగ్గింపబడెను. అమ్మువాడు సంస్థ కాక వ్యక్తియై, సంవత్సరపు అమ్మకము 5 లక్షలు దాటక, పాన్ గాని ఆధారు గాని ఇచ్చియున్నచో ఏమియు పట్టుకొనరు. ఆ సంఖ్యలు ఇయ్యనివారివద్ద నూటికి 5 పట్టుకొందురు; ఇది చిన్నవానికి పెద్ద దెబ్బ. ఇట్లు పట్టుకొనినది ఖర్చు కాదు, పోయిన సొమ్మును కాదు. అది ఆమె పేర సర్కారులో జమయై యున్న సొమ్ము. ఆమె రిటర్ను వ్రాసి యడిగిననే తిరిగి వచ్చును. అడుగనిచో అచ్చటనే యుండును.

లాభమును లెక్కించు మార్గములు రెండు. మొదటిది ఖర్చులన్నియు వ్రాసి తీసివేయుట. ఆమె నూలు, పట్టు, జరీ, అద్దకము, కూలి కలిపి 4,20,000 అయినదనుకొందము. అంగడివారి 90,000 కలిపిన 5,10,000. ఆఱు లక్షలలో నిది పోగా మిగిలినది 90,000 రూపాయలు. రెండవది చిన్న వర్తకుల సౌకర్యార్థము చట్టములో 44ఏడీ అను విభాగమున చెప్పబడినది. అమ్మకము 2 కోట్లకు లోబడిన వర్తకుడు పుస్తకములన్నియు చూపనక్కఱలేకయే, నగదుగా వచ్చిన అమ్మకముపై నూటికి 8, బ్యాంకు ద్వారా గాని ఫోను చెల్లింపుల ద్వారా గాని వచ్చిన దానిపై నూటికి 6 లాభమని చూపవచ్చును. మన యువతికి సొమ్మంతయు బ్యాంకు ద్వారానే వచ్చినది గనుక ఈ లెక్కను లాభము 36,000 రూపాయలు. కమీషనుపై నితరుల సరకు అమ్మి పెట్టువారికి ఈ సౌకర్యము లేదు.

అట్లయినచో 36,000 చూపి ఊరకుండరాదా యని కొందఱడుగుదురు. చట్టము చెప్పినది ఇంత తక్కువ కాకుండ చూపుమని; అంతకెక్కువ సంపాదించితినని వర్తకుడే చెప్పుకొనినచో ఆ మొత్తమే లాభము. నా అభిప్రాయమున, పుస్తకమున 90,000 లాభము కనబడుచుండగా 36,000 వ్రాయుట తనకు తాను చేసికొను నష్టము. రెండవ మగ్గమునకై బ్యాంకులో అప్పు అడుగునప్పుడు అధికారి మొదట అడుగునది రెండు మూడేండ్ల రిటర్నులు. నెలకు మూడువేలు మాత్రమే మిగులుచున్నదని తన చేతితోనే వ్రాసి యిచ్చిన యామెకు లక్ష రూపాయల అప్పు ఏ యాధారముపై నిత్తురు? ఈ సందర్భమున ఎక్కువ చూపినందువలన పన్నును ఏమియు పెరుగదు. అది యెట్లో చూతము.

2025-26 సంవత్సరమునకు క్రొత్త పన్ను విధానము ప్రకారము మొదటి 4 లక్షల యాదాయముపై పన్ను లేదు. 4 మొదలు 8 లక్షల వరకు గల భాగముపై నూటికి 5, 8 మొదలు 12 లక్షల వరకు నూటికి 10. ఆపై భాగములకు క్రమముగా హెచ్చును. మొత్తము ఆదాయము 12 లక్షలు దాటనివారికి, ఇట్లు లెక్కకు వచ్చిన పన్ను సాధారణముగా అంతయు మాఫీ చేయబడును. మన యువతికి వేఱు ఆదాయము లేదు. 90,000 రూపాయలు 4 లక్షలకు చాల తక్కువ. పన్ను లేదు. చట్టప్రకారము రిటర్ను వ్రాయవలసిన నిర్బంధమును లేదు. కాని వ్రాసినచో 600 రూపాయలు తిరిగి వచ్చును, బ్యాంకునకు చూపుటకు పత్రమును దొరకును.

ఇప్పుడామె అన్న సంగతి చూడుడు. అతడు హైదరాబాదులో ఉద్యోగి. సంవత్సరమునకు జీతము 5,40,000. సాయంకాలములయందు తానును చీరెలమ్మి 90,000 లాభము పొందెను. జీతములో 75,000 మినహాయింపు పోగా 4,65,000. దానికి 90,000 కలిపిన 5,55,000. నాలుగు లక్షలకు పైనున్న 1,55,000 పై నూటికి 5 చొప్పున 7,750 రూపాయల పన్ను లెక్కకు వచ్చును. మాఫీ వలన అది పూర్తిగా పోవును. చెల్లింపవలసినది సున్న. ఐనను అతడు రిటర్ను వ్రాసి తీరవలయును. ఏలయన అతని యాదాయము 4 లక్షలు దాటినది. పన్ను లేకుండుట వేఱు, రిటర్ను అక్కఱలేకుండుట వేఱు. మాఫీ యనునది లెక్క చూపినవానికి దొరకునది. 12 లక్షల వరకు ఏమియు చేయనక్కఱలేదని అంగడివీథిలో చెప్పుకొను మాట ఈ భేదమును మఱచుటవలన పుట్టినది. ఇదిగాక, ఆదాయము తక్కువైనను వర్తకపు అమ్మకము 60 లక్షలు దాటినను, సంవత్సరములో పట్టుకొనిన పన్ను 25,000 రూపాయలకు చేరినను రిటర్ను వ్రాయవలసినదే.

ఎవరి పేర వ్రాయవలయునను ప్రశ్న మన యిండ్లలో మఱింత చిక్కైనది. చీరె నేయువాడు తండ్రి, అమ్మునది కోడలు, పాన్ కార్డు కొడుకుది, బ్యాంకు ఖాతా అత్తగారిది. ఇట్టి ఏర్పాటులో సర్కారు పత్రమున అమ్మకమంతయు పాన్ ఎవరిదో వారి పేరనే కనబడును. కొడుకు వేఱొక ఉద్యోగములో నున్నచో ఆ అమ్మకము అతని జీతముతో చేరును. వర్తకము ఎవరు చేయుచున్నారో వారి పాన్, వారి ఖాతా మొదటినుండియు ఇచ్చుట మంచిది. మధ్యలో మార్చుట శ్రమ.

విద్యార్థులకు సంబంధించిన నియమము ఒకటి కలదు. పదునెనిమిది యేండ్లు నిండని బిడ్డకు వచ్చు ఆదాయమును సాధారణముగా తల్లిదండ్రులలో ఎక్కువ యాదాయము గలవారి లెక్కలో కలుపుదురు. కాని ఆ బిడ్డ తన చేతిపనివలన గాని, తన నేర్పు, ప్రజ్ఞ, ప్రత్యేక విద్యలవలన గాని సంపాదించినది ఇట్లు కలుపబడదు, అది బిడ్డదే. బొమ్మలు వేసి అమ్ము బాలిక సంపాదన ఆమెదే యగును. తండ్రి నేసిన చీరెకు ఫొటో తీసిన మాత్రమున చీరె లాభము బాలునిది కాదు.

ఈ జిల్లా కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ. చాలమందికి మగ్గముతో పాటు చేనును ఉండును. సొంత పొలమున పండించిన వేరుసెనగ, ప్రత్తి అమ్మగా వచ్చిన వ్యవసాయపు ఆదాయమునకు ఈ పన్ను లేదు. ఐనను చీరెల సొమ్మును చేను సొమ్మును ఒకే ఖాతాలో వేసి, ఏది యేదో వ్రాసికొననివారు తరువాత విడదీసి చూపలేరు. పొలము రాబడి 5,000 దాటి, తక్కిన యాదాయము పన్ను హద్దును మించినచో, పన్ను రేటు నిర్ణయించుటకు మాత్రము పొలము రాబడిని కూడ లెక్కలోనికి తీసికొందురు.

ఆన్‌లైను అంగడి లేకుండ, వాట్సాప్‌లో బొమ్మలు పంపి ఫోను చెల్లింపులమీద అమ్మువారు తమకిది వర్తింపదనుకొందురు. వారివద్ద పన్ను పట్టుకొనువాడు లేడు, అంతే. లాభము లాభమే.

సరకులు, సేవల పన్ను వేఱొక విషయము. దానికి మన తెలంగాణలో అమ్మకపు హద్దు 20 లక్షలు. ఆన్‌లైను అంగడి ద్వారా అమ్ము చిన్నవారికి మునుపు హద్దుతో పనిలేకుండ నమోదు నిర్బంధముగా నుండెను. 2023 అక్టోబరు 1 మొదలు రాష్ట్రములోనే అమ్మువారికి, హద్దునకు లోబడియున్నచో, పాన్‌తో ఒక చేరిక సంఖ్య తీసికొనిన చాలును. ఆ యంగళ్ల ద్వారా బెంగుళూరునకో బొంబాయికో పంపదలచినవారు నమోదు చేసికొనవలసి యుండును. దీనిని గూర్చి వేఱుగ వ్రాయవలసినది చాల కలదు.

ఇక రిటర్ను వ్రాయుట. పాన్, ఆధారు ఒకదానితో నొకటి కలుపబడి యుండవలయును; రెంటిలోను పేరు, పుట్టిన తేదీ ఒకటిగా నుండవలయును. మన ప్రాంతమున ఇంటిపేరు ఒక కార్డులో ముందు, మఱియొక దానిలో వెనుక నుండి పని ఆగిపోవుట సామాన్యము. దీనిని వేసవిలోనే సరిచేయించుకొనవలయును. 44ఏడీ ప్రకారము లాభము చూపు వ్యక్తులు వ్రాయవలసిన పత్రము పేరు సుగమ్. అది నాలుగవ నమూనా. ఖర్చులన్నియు విడదీసి చూపువారికి మూడవ నమూనా. సుగమ్‌లో వర్తకము ఏ విధమైనదో సంఖ్యతో సూచించి, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకము, నగదు అమ్మకము వేఱువేఱుగ వ్రాసి, లాభము వ్రాయవలయును. మార్చి 31 నాటికి ఇంట నిలువయున్న సరకు, ఇతరులు ఇయ్యవలసినది, తాను ఇయ్యవలసినది, చేతిలోని నగదు కూడ అడుగుదురు. కావున ఆ దినము సాయంకాలము బీరువా తెఱచి చీరెలు లెక్కించి వ్రాసి యుంచుకొనుట పిల్లలకు అప్పగింపదగిన పని. నిత్యలెక్కకు నూఱుపుటల నోటుపుస్తకము చాలును: తేదీ, చీరె, కొనువాడు చెల్లించినది, అంగడివారు పట్టుకొనినది, బ్యాంకులో పడినది, తిరిగి వచ్చినదా.

వర్తకులు క్రొత్త విధానమును వదలి పాత విధానమును కోరినచో 10ఐఈఏ అను వేఱొక పత్రమును గడువులోగా ఇయ్యవలయును. తిరిగి క్రొత్తదానికి వచ్చు అవకాశము ఒక్కసారియే. అట్లే 44ఏడీ మార్గమును పట్టి, అయిదేండ్లలోపల దానిని విడిచినవారు పిమ్మట అయిదేండ్ల వరకు ఆ మార్గమునకు రాలేరు. ఏటేట మార్గము మార్చుట మంచిది కాదనుటకు ఈ రెండు నియమములు చాలును. పట్టుకొనినది పోగా పన్ను 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని కట్టవలసి వచ్చు చిన్న వర్తకుడు మార్చి 15లోగా ముందుగనే కట్టవలయును.

గడువు పెక్కేండ్లుగా జులై 31గా నుండెను; 2025లో అది సెప్టెంబరు 16 వరకు పొడిగింపబడెను. ఏ యేటికాయేడు ప్రకటింపబడిన తేదీని శాఖవారి స్థలములోనే చూచుకొనవలయును. గడువు తప్పినవారు డిసెంబరు 31 వరకు వ్రాయవచ్చును గాని, ఆదాయము 5 లక్షల లోపు వారికి 1,000, ఆపై వారికి 5,000 రూపాయల వఱకు రుసుము పడును. ఆదాయము పన్ను హద్దునకు లోబడిన వారికి ఈ రుసుము లేదు.

రిటర్ను వ్రాయించి పెట్టువారి సాయము పొందుట తప్పు కాదు. కాని రహస్యపదమును వానివద్ద విడిచి రాకూడదు. ఫోను సంఖ్య, బ్యాంకు ఖాతా తమవే యుండవలయును. పెద్ద రిఫండు తెప్పింతునని, కట్టని భీమా, ఇయ్యని విరాళము వ్రాయువానిని దూరముగ నుంచవలయును. సంతకము రిటర్ను వ్రాసినవానిది కాదు, మీది. రిఫండు వచ్చినది, ఇచ్చట నొక్కుమని ఫోనునకు వచ్చు సందేశములు మోసపువారివి. నిజమైన రిఫండు ముందుగ ధ్రువపఱచుకొనిన ఖాతాలో తానే పడును.

కడపటి పని ధ్రువీకరణము. రిటర్ను పంపిన 30 దినములలోగా ఆధారునకు జతయైన ఫోనునకు వచ్చు అంకెలతో దానిని ధ్రువపఱుపవలయును. ఇది చేయనిచో గడువులోగా వ్రాసినట్లు లెక్క కాదు. ధ్రువీకరణమైన పిమ్మట బెంగుళూరులోని కేంద్రమున లెక్క సరిచూచి, ఫలితమును ఈ-మెయిలుకు పంపుదురు. ఆ పత్రమును, రసీదు పత్రమును అచ్చు వేయించి నోటుపుస్తకములో అంటించి యుంచుడు. బ్యాంకువారు అడుగునవి ఈ రెండే.